చదివి వినిపించని వాంగ్మూలం

స్పేస్ బటన్ ఎడమ చివర మళ్ళీ పట్టేస్తోంది, కుడి బొటనవేలితో కొడితే బాగానే పడుతుంది కానీ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎడమ బొటనవేలికే అలవాటు, వేళ్ళకి ఒకసారి అలవాటైతే అవే చేసుకుపోతాయి, మనిషిని అడగవు, బుధవారం సెలవు పెట్టి దీన్ని విప్పి దుమ్ము దులుపుదామనుకున్నాడు, బుధవారం అన్న మాట మనసులోకి రాగానే కోర్టు టైపిస్టు గోడ గడియారం వైపు చూశాడు, ఆదివారం ఆట మూడింటికి, ఇంకా పన్నెండు నిమిషాలు, పన్నెండు నిమిషాల్లో ఒక మనిషికి ఒక మాట చెప్పొచ్చు, ఒక్క నిమిషంలోనైనా చెప్పొచ్చు, ఎడమ పక్క కుర్చీలో కూతురు కూర్చునే ఉంది, చెయ్యి చాపితే భుజం తగులుతుంది, అయినా ఏడు రోజులుగా చెప్పలేదు, ఆ పిల్లేమో కాళ్ళూపుకుంటూ బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఎర్ర పెన్సిలుతో ఇంకో పలక మీద గుర్తు పెడుతోంది, ఆటలోని వంతెనకి నలభై రెండు చెక్క పలకలు, ఏవి గట్టివో ఏవి పుచ్చినవో కథలో ఎక్కడెక్కడ చెప్పారో పాత పేజీలన్నీ తిరగేసి లెక్కపెట్టింది, ప్రెస్సులో అచ్చుకి పేజీలు కూర్చే ఉద్యోగం దానిది, గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు, వారమంతా ప్రెస్సు నుంచి వచ్చి ముఖం కడుక్కోవడమే ఆలస్యం, ఈ వంతెన ముందు వేసుకు కూర్చుంది, నాన్నా చూడు, వీళ్ళందరినీ నేనే దాటిస్తాను, అని వేళ్ళతో చెప్పి నవ్వింది, ఆయనా నవ్వాడు, నవ్వినప్పుడు పెదవులు కాగితం అంటించినట్టు బిగుసుకున్నాయి, ఎందుకంటే మిగతా వాళ్ళు ఆ వంతెన ఎప్పుడో దాటేశారు, బుధవారం సాయంత్రమే దాటేశారు, ఆ సంగతి ఈ గదిలో ఆయనకొక్కడికే తెలుసు.

ఆట అంటే పరిగెత్తేదీ కాదు, ముక్కలు పంచేదీ కాదు, మొదట్లో ఆయనకీ అర్థం కాలేదు, నలుగురు నాలుగు ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఒక కథ కలిసి చెప్పుకోవడం, ఇంతే, కథ నడిపేది ఒక బడి పంతులమ్మ, కూతురు పిచ్చుక ఆమెని కథక్క అంటుంది, ముందు గుహ ఉంది, లోపల ఏదో కదిలింది, ఏం చేస్తారు అని ఆమె అడుగుతుంది, మందుల షాపు నడిపే ఒకాయన గొడ్డలి వీరుడు, ఆయన ఏదొచ్చినా నరుకుతానంటాడు, ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి దొంగ, ఆమె తాళాలు తీస్తుంది, చేస్తామన్న పని జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు, పిచ్చుకది దారి చూపే మనిషి వేషం, ఆ వేషానికి ఒక శక్తి కోరుకోమంటే ఎవరూ అడగనిది అడిగింది, ఎంత దూరంలో ఆకు కదిలినా వినపడే చెవులు కావాలి అంది, కథక్క సరేనంది, అప్పటి నుంచీ ఆ చీకటి గుహల్లో అందరికంటే ముందు వినేది పిచ్చుకే, నువ్వు వింటున్నావు, దూరంగా ఇనప గొలుసు ఈడుస్తున్న చప్పుడు, అని కథక్క చెబితే టైపిస్టు టైపు చేస్తాడు, పిచ్చుక చదివి కళ్ళు పెద్దవి చేస్తుంది, ఐదేళ్ళప్పుడు వచ్చిన జ్వరంతో పోయిన చెవులు అక్కడ ఆ తెర మీద పనిచేస్తాయి, అంతకు ముందు ఇల్లంతా దాని కిచకిచే, అందుకే పిచ్చుక అని పేరు, పేరు మిగిలింది కిచకిచ పోయింది అని వాళ్ళమ్మ ఒకప్పుడు ఏడ్చేది, ఇప్పుడు ఏడవదు.

మాటల్ని వాటంతటవే అక్షరాలుగా వేసే ఏర్పాటు ఆ కంప్యూటర్లోనే ఉంది, కానీ ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండూ కలగలిపి ఒక ముద్ద చేస్తుంది, ఏ మాట ఎవరిదో చెప్పదు, గొడ్డలాయన నరుకుతానన్నాక అరనిమిషానికి వేస్తుంది, అప్పటికి అక్కడ తల తెగిపోయి ఉంటుంది, మొదటి ఆదివారం పిచ్చుక పాచిక చేతిలో పట్టుకుని రెండు గంటలు బొమ్మలా కూర్చుంది, లేచి వచ్చి నాన్నా నీ వేళ్ళు నాకిస్తావా అంది, నోటితోనే అంది, ఆ గరుకు గొంతు ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ వినిపించనివ్వదు, ఇవ్వకుండా ఎలా ఉంటాడు, చెవిలో ఇయర్ ఫోన్లు పెట్టుకుని పాత లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు, ఎవరి మాట ముందు వాళ్ళ పేరు, గొడ్డలి అని గీత, దొంగ అని గీత, ఆయన కొట్టింది కొట్టినట్టు దాని తెర మీద మాత్రమే పడుతుంది, మిగతా ముగ్గురికీ కనపడదు, బాబాయ్ గారు అన్నీ అందిస్తున్నారు అని వాళ్ళ ధీమా, పదకొండు ఆదివారాలు, జిల్లాలో అంత వేగంగా కొట్టేవాడు లేడని పాత జడ్జిగారు అనేవారు, ఆ మాట ఇప్పుడు గుర్తు చేసుకోవడం కూడా సిగ్గుగానే ఉంది.

వేగం ఒకటే నేర్పలేదు కోర్టు, ఇంకోటి కూడా నేర్పింది, సాక్షి బోనులో నిలబడి ఇంటి గొడవ, పక్కింటి గొడవ, మోకాలి నొప్పి అన్నీ చెప్పుకుంటూ పోతాడు, టైపిస్టు వేళ్ళు కదపడు, జడ్జిగారు అదంతా విని ఒక్క వాక్యం చెబుతారు, ఆ ఒక్క వాక్యం కొడతాడు, సాక్షి మాట్లాడింది పావుగంట, రికార్డుకెక్కింది ఒకటిన్నర లైను, మాట్లాడినదంతా రాయకూడదయ్యా, రాయవలసింది రాయాలి, అని చేరిన మొదటి రోజే హెడ్ గుమస్తా చెప్పాడు, అది వేళ్ళకి ఎక్కింది, ఆయన కొట్టడం మొదలుపెట్టిన తొలి ఆదివారమే గొడ్డలాయన ఒకసారి విసుక్కున్నాడు, అబ్బా, మళ్ళీ ఆగాలా, అన్నాడు, మామూలు మాట, టీ చల్లారితే కూడా అలాగే అంటారు, టైపిస్టు దాన్ని కొట్టలేదు, అంత చిన్న మాటతో బిడ్డ మనసెందుకు చిన్నబుచ్చాలి, ఆ తరువాత దొంగ అమ్మాయి నిట్టూర్పు కొట్టలేదు, ఆ తరువాత వాళ్ళ వేళాకోళాలు కొట్టలేదు, అవి కొట్టేలోపు అసలు కథ దాటిపోతుందని, తెరలో ముగ్గురూ పగలబడి నవ్వుతుంటే పిచ్చుక ఆయన వైపు తిరిగి కనుబొమలెగరేసేది, ఏంటట, అని, ఆయన అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపేవాడు, ఏం లేదులే, ఊరికే.

పోయిన ఆదివారం వంతెన మొదట్లో ఆగారు, పిచ్చుక తను ఏం చేస్తుందో వివరంగా టైపు చేస్తోంది, తల వంచుకుని ఉంది, అప్పుడు గొడ్డలాయన అన్నాడు, ఇలాగైతే ఈ వంతెన దాటేలోపు నా మనవడికి పెళ్ళవుతుంది, దొంగ అమ్మాయి నవ్వింది, మీకింకా పెళ్ళే కాలేదు కదన్నా అంది, ఆ తరువాత గొంతు తగ్గించి, నిజం చెప్పొద్దూ, నాకు వారంలో దొరికేది ఈ రెండు గంటలే, మాట మాటకీ ఆగుతుంటే ఆడినట్టే ఉండట్లేదు అంది, కథక్క ఊరుకోమంది, వెనక మాట్లాడుకోవడం కాదు, ఆ పిల్లనే అడుగుదాం, అంది, అని ముఖం కెమెరాకి దగ్గరగా పెట్టి అడిగింది, పిచ్చుకా, అందరికీ బాగుండాలంటే ఆట పద్ధతి ఎలా మార్చాలో నువ్వే చెప్పు, ఏదైనా మారుస్తాం, లేకపోతే బుధవారాలు మేం ముగ్గురం కొంచెం ముందుకి నడిపేస్తాం, ఆదివారం నీతో కలుస్తాం, నీకిష్టమైతేనే, ఇష్టమేనా, ఇన్ని మాటలు, ఒక్కొక్కటీ ఇప్పటికీ చెవిలో ఉన్నాయి, అక్కడ టైపిస్టు వేళ్ళు గాలిలో ఆగాయి, నీ వల్ల ఆగుతోంది అన్న మాట ఎలా కొడతాడు, అది కొట్టకుండా దాని తోక పట్టుకుని వచ్చిన ప్రశ్న ఎలా కొడతాడు, రెండూ ఒకే దారంతో కుట్టి ఉన్నాయి, వేళ్ళు కిందికి దిగి వాటికి అలవాటైన పని చేశాయి, వంతెన దాటడం గురించి మాట్లాడుకుంటున్నారు, ఒక్క లైను, అంతే, పిచ్చుక తలెత్తి ఆ లైను చదివింది, వంతెన దాటడమే కదా అనుకుని ముఖమంతా నవ్వుతో కెమెరాకి బొటనవేలు ఎత్తి చూపించింది, అటువైపు ముగ్గురూ ఆ బొటనవేలు చూశారు, కథక్క కళ్ళద్దాలు సర్దుకుని, సరే అయితే, అంది, ఆ సరేలో ఏదో తడి ఉంది, అది కూడా ఆయన కొట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం కోర్టులో అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్లో కథక్క మెసేజి, బాబాయ్ గారూ, ఇవాళ సాయంత్రం మేం ముగ్గురం ఆడుతున్నాం, పిచ్చుక అంత తేలిగ్గా సరే అంటుందనుకోలేదు, లోపల బాధపడుతోందేమో కాస్త చూసుకోండి, అని, అప్పుడైనా ఒక్క లైను, అమ్మా నా పొరపాటు, దానికి మీ ప్రశ్న చేరలేదు, కొడితే అయిపోయేది, ఆయన కొట్టిందేమో సరే అమ్మా, సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు, ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, మడత ఆపకుండానే, కోర్టులో ఒక్క అక్షరం పోతే ఉద్యోగం పోతుందని వణికిపోతారు, ఇంట్లో పేజీలకి పేజీలు మింగేస్తారు, మీకు అరిగిందా మరి, అంది, అది కాదే, దాని మనసు, అని ఏదో అనబోయాడు, దాని మనసు దాని దగ్గరుంది, మీ దగ్గర దాచిపెట్టమని ఇవ్వలేదు, చెప్పండి దానికి, అంది, రేపు చెబుతానన్నాడు, గురువారం, శుక్రవారం, నిన్న, అన్నీ దాటిపోయాయి, ఇవాళ పొద్దున దేవుడి ముందు చేతులు జోడించి ఎప్పటిలాగే అడిగాడు, నా బిడ్డకి చేదు మాట చేరనివ్వకు తండ్రీ, పందొమ్మిదేళ్ళుగా రోజూ అడిగేది అదే, అడుగుతుండగానే మధ్యలో నోరు ఆగిపోయింది, ఇది దేవుడు తీర్చిన కోరికా, తన వేళ్ళు తీర్చి ఆయన పేరు పెట్టిన కోరికా, ఆ పక్కనే పిచ్చుక కళ్ళు మూసుకుని నిలబడి ఉంది, అది ఏం అడుగుతుందో ఆయనకి ఎప్పుడూ తెలియదు, దేవుడు వింటాడు కదా, మధ్యలో ఎవరూ టైపు చేయనక్కర్లేదు కదా, ఆ ఒక్క చోటే దాని మాట పూర్తిగా చేరుతోందేమో, ఆ ఒక్క చోటే తను లేడు.

మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టింది భార్య, చెప్పారా, అని కళ్ళతోనే అడిగింది, ఆయన ఇయర్ ఫోన్లు సర్దుకున్నాడు, ఆవిడ వెళ్ళిపోలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడింది, మూడయింది, తెర మీద ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది, గొడ్డలాయన వెనక మందుల పెట్టెలు, దొంగ అమ్మాయి ఇంకా ఆసుపత్రి బట్టల్లోనే ఉంది, కథక్క కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, పిచ్చుక కాగితం కెమెరాకి ఎత్తి చూపించింది, నలభై రెండు పలకలు, ఎర్ర గుర్తులు, బాణాలు, ముగ్గురి ముఖాలూ ఒకేసారి వాడిపోయాయి, అయ్యో, అంది దొంగ అమ్మాయి, గొడ్డలాయన దగ్గాడు, కథక్క అద్దాలు పెట్టుకుని, పిచ్చుకా, ఇంత కష్టపడ్డావా, బుధవారం మేం వంతెన దాటేశాం కదమ్మా, నువ్వు సరే అన్నావు కదా, అవతలి గట్టున నీ కోసం ఆగి ఉన్నాం, అంది, టైపిస్టు, కథక్క అని కొట్టి గీత పెట్టాడు, వేళ్ళు ఆగాయి, గీత పక్కన చిన్న నిలువు గీత మిణుకుమిణుకుమంటోంది, పిచ్చుక ఆ ముఖాలు చూసింది, ఖాళీ లైను చూసింది, ఆయన వైపు తిరిగి కనుబొమలెగరేసింది, ఏంటట, ఆయన కుడి చెయ్యి అప్పటికే గాలిలోకి లేచి అటొకసారి ఊగింది.

ఆ చెయ్యి ఊగిన చోట్లన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి, చుట్టాలంతా గుండ్రంగా కూర్చుని నవ్వుతున్న గదులు, దాని మేనత్త ఏదో చెబితే పడీ పడీ నవ్వుతున్న పిల్లలు, మధ్యలో ఇది ఒక్కొక్క నోరూ చూసుకుంటూ, నాన్నా ఏంటట, ఏం లేదులే, చెవుల డాక్టరు అద్దాల గదిలో పది నిమిషాలు చెప్పింది, ఏమంది నాన్నా, ఏం లేదులే, తాతయ్య ఆఖరి రోజుల్లో దీని చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు, ఏమన్నాడు, ఏం లేదులే నాన్నా, ఊరికే, ఏం లేకపోవడమేమిటి, నువ్వు నా ముద్దుల పిచ్చుకవి, నీ గొంతు నాకు గుర్తుంది, అన్నాడు, దానికి చెబితే ఏడుస్తుందని చెప్పలేదు, ఏడిస్తే ఏమయ్యేది, ఏడ్చేది, అంతేగా, ఏడవడం అనగానే బోనులో నిలబడ్డ ఒక ముసలావిడ గుర్తొచ్చింది, ఎన్నేళ్ళ కిందటో, వాంగ్మూలం అయిపోయాక పద్ధతి ప్రకారం ఆయనే చదివి వినిపించాడు, చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నది అని చివర ఉండే ముక్కతో సహా, వేలిముద్ర వేయమంటే ఆవిడ వేయలేదు, నేను ఇంతేనా చెప్పింది నాయనా, మధ్యలో ఏడ్చాను, అది రాయలేదే, అంది, ఏడుపు రికార్డు కాదమ్మా అన్నారు జడ్జిగారు, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, ఆ ముసలావిడకి కనీసం చదివి వినిపించారు, కాదు అనే అవకాశమైనా వచ్చింది, పిచ్చుకకి పందొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా చదివి వినిపించిందెవరు, అది ఏ కాగితం మీద ఒప్పుకుందని ఆ బొటనవేలు.

గాలిలో ఉన్న చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించాడు, కీబోర్డు మీద పెట్టాడు, కథక్క గీత పక్కన ఆమె అన్నది అన్నట్టు కొట్టాడు, వంతెన దాటేశాం కదమ్మా, నువ్వు సరే అన్నావు కదా, కొట్టి ఆగలేదు, ఇయర్ ఫోన్లలో ఎవరో బాబాయ్ గారూ వినపడుతోందా అంటున్నారు, అది కూడా కొట్టాడు, తరువాత లైను మొదట్లో నాన్న అని కొట్టి గీత పెట్టాడు, ఆ పేరు ముందెప్పుడూ ఆ తెర మీద లేదు, నాన్న, పోయిన ఆదివారం నేను కొట్టని మాటలు ఇవి, గొడ్డలి, మనవడికి పెళ్ళవుతుంది, దొంగ, ఆడినట్టే ఉండట్లేదు, కథక్క, పద్ధతి ఎలా మార్చాలో నువ్వే చెప్పు, ఏదైనా మారుస్తాం, బుధవారాలు నీకిష్టమేనా, ఒక్క ముక్క వదలకుండా, మెసేజి సంగతి, సరే అమ్మా అన్న సంగతి, స్పేస్ బటన్ పట్టేసి రెండు మాటలు అతుక్కుపోతే వెనక్కి వెళ్ళి విడదీశాడు, చెమట కనురెప్ప మీదికి జారింది, పిచ్చుక చదువుతోంది, వేలితో తెర పైకి తోసి మళ్ళీ మొదటి నుంచి చదివింది, ముఖంలో రంగు పోవడం ఆయన పక్కనుంచే చూశాడు, కూతురి ముఖంలో అలాంటిది చూడకూడదనే కదా ఇదంతా చేశాడు, ఎన్ని వారాలు, అంది, నోటితోనే, ఆయన రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపి, తరువాత ఒక్క వేలు చూపాడు, ఆటలో పదకొండు వారాలు, ఆట బయట ఎన్నో చూపడానికి వేళ్ళు లేవు, అది ఆయన కళ్ళలోకి చూస్తూ ఒక్కసారి అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపింది, ఏం లేదులే, అచ్చం ఆయనలాగే, గుమ్మం దగ్గర భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిచ్చుక అటు తిరిగి తన కీబోర్డు దగ్గరికి లాక్కుంది, టకటకా కొట్టి పంపింది, అది అటువైపు ముగ్గురికీ పడింది, కథక్క పైకి చదవడం మొదలుపెట్టింది, చదువుతుంటే టైపిస్టు ఆ చదివింది కూడా కొట్టాడు, కూతురి మాటలే కథక్క నోట్లోంచి తిరిగి కూతురి తెర మీదికి, నేను బొటనవేలు ఎత్తింది వంతెనకి, నేను లేని బుధవారానికి కాదు, మీ ప్రశ్న నాకు ఇప్పుడే చేరింది, జవాబు ఇప్పుడిస్తాను, ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి, మాట్లాడే ముందు చెయ్యెత్తండి, ఎవరన్నదీ తెలుస్తుంది, పాచిక అంకె తెర మీద వేయండి, దాడి, ఆగు, వెనక్కి, ఈ మూడింటికీ సైగలు నేను నేర్పుతాను, మూడే, ఐదు నిమిషాలు పట్టదు, నవ్వులు కూడా నాకు కావాలి, నా మీదివైనా సరే, నేను తిరిగి అనగలను, పిచ్చుక ఆ లైన్లన్నీ తన తెర మీద వరసగా చదువుకుంది, పెన్సిలు మొనతో ఒక్కొక్క లైనూ తాకుతూ, చివరికి తల ఊపింది, సరి అని, గొడ్డలాయన చెయ్యెత్తాడు, నీ నోటికి ఏమైనా అడ్డుందా అని మా అమ్మ ఎప్పుడూ తిడుతుంది, తప్పయింది తల్లీ, అన్నాడు, ముందు మీకు పెళ్ళి కానివ్వండి, మనవడి సంగతి తరువాత, అని పిచ్చుక కొట్టింది, ఆయన ముందు బిత్తరపోయి తరువాత పెద్దగా నవ్వాడు, గొడ్డలి, పెద్దగా నవ్వుతున్నాడు, అని టైపిస్టు కొట్టాడు, దొంగ అమ్మాయి కాసేపటికి చెయ్యెత్తింది, నేను మాటివ్వలేనే, డ్యూటీ దిగి వస్తాను, నాకు ఓపిక తక్కువ, ప్రయత్నిస్తాను, కుదరకపోతే నేనే మానేస్తాను, అంది, ఆ చివరి ముక్క దగ్గర ఆయన వేళ్ళు మళ్ళీ బరువెక్కాయి, ప్రయత్నిస్తాను దాకా కొట్టి ఆపితే ఎవరికి తెలుస్తుంది, తెలియదు, ఎవరికీ తెలియదు, కుదరకపోతే నేనే మానేస్తాను, కొట్టేశాడు, పిచ్చుక చదివి ముఖం చిన్నబుచ్చుకుంది, చిన్నబుచ్చుకుని ఆ అమ్మాయి కిటికీ వైపు చాలాసేపు చూసి, సరే, అని ఒక్క మాట పంపింది, అది వాళ్ళిద్దరి మధ్య.

మరి బుధవారం దాటిన వంతెన ఏం చేద్దాం, వెనక్కి తిప్పేద్దామా, అని కథక్క అడిగింది, వద్దు, మీరు అవతల ఉండండి, ఇవతల నేనొక్కదాన్నే ఉన్నాను, దాటి వస్తాను, మీరు చూడండి, అని పిచ్చుక కొట్టి, కాగితం ముందుకి లాక్కుని, ఎడమ అరచెయ్యి బల్ల మీద బోర్లా ఆనించింది, పాచిక దొర్లే అదురు అరచేతికి తెలుస్తుందని ఎప్పుడూ అలాగే వేస్తుంది, ఆయన కూడా తన చెయ్యి బల్లకి ఆనించాడు, పాచిక టకటకా దొర్లింది, ఆగింది, నాలుగు, ఇరవైలో నాలుగు, కథక్క నిట్టూర్చింది, కథక్క, నిట్టూర్చింది, అని కొట్టాడు, పందొమ్మిదో పలక నీ కాగితంలో గట్టిదే, కానీ అది విరిగింది, నీ కాలు జారింది, కింద లోయ, అంది కథక్క, పిచ్చుక తాడు పట్టుకున్న మనిషిలా బల్ల అంచు పట్టుకుని ఆయన వేళ్ళ వైపు చూస్తోంది, ఇంకా కోపంగానే చూస్తోంది, ఆ కోపం ఈ రోజుతో పోయేది కాదు, టైపిస్టు కుడి బొటనవేలితో స్పేస్ బటన్ కొడుతూ, పలక విరిగింది, నీ కాలు జారింది, అని ఉన్నదున్నట్టు కొట్టాడు, కొడుతుంటే తెలిసింది, ఇంట్లో జడ్జిగారి కుర్చీలాంటి పెద్ద కుర్చీలో, ఏది రాయాలో ఏది రాయకూడదో తేల్చే కుర్చీలో, పందొమ్మిదేళ్ళుగా ఎవరూ కూర్చోమనకుండానే తను కూర్చున్నాడు, అది తనది కాదు, బిడ్డదీ కాదు, ఆ కుర్చీయే ఈ ఇంటికి అక్కర్లేదు, తనకి దేవుడిచ్చింది టైపిస్టు కుర్చీ, అది బిడ్డ పక్కనే ఉంది.